నా గొంతు లేని పాట

మార్చి 16, ఆదివారం

బిలియానా హెడ్‌ఫోన్లు తెచ్చింది. నల్లవి, తీగ ఉన్నవి. చెవుల మీద మెత్తగా కూర్చుంటాయి. తీగ మధ్యలో చిక్కుడు గింజంత డబ్బీ, దాని మీద ఒక బొత్తాం. అది ఫోన్లో మాట్లాడడానికట. నా ఫోన్‌కు ఈ తీగ దూరే కన్నమే లేదు, కాబట్టి ఆ బొత్తాంతో నాకు పని లేదు.

స్తానాకు మార్చి ఎనిమిదినే తెచ్చిందట. తెల్లవి. తీగ లేనివి.

వారం తేడా. తేదీలు తేదీలుగా ఉండాలని రాసుకుంటున్నాను, అంతే.

మనవరాలు ఒక్కతే. నేను నానమ్మను, స్తానా అమ్మమ్మ. ఒకే ఊరు, ఒకే వీధి. నా ఇల్లు పైన, ఆమెది కింద. పట్నం బస్సు కిందే ఆగుతుంది, అందుకని పిల్ల ప్రతిసారీ ముందు ఆమె గడపే తొక్కుతుంది. అక్కడ తిని, అక్కడ నవ్వి, కడుపు నిండాక పైకి వస్తుంది. బస్సు ఆగే చోటు మార్చాలని ఊరి కార్యాలయానికి ఒకసారి రాశాను. నీటి పైపుల కారణం చూపించాను. జవాబు రాలేదు.

అసలు సంగతి. పోయిన నెల గ్రంథాలయం హాల్లో మేం ముగ్గురం లాజరు పండగ పాట పాడాం. స్తానా, నేను, బిలియానా. బిలియానా బడి సంగీతం టీచరు ఒక్కొక్కరి ముందు ఒక్కో మైకు పెట్టాడు. ఆ మూడింటినీ కలిపి పాటగా చేసింది మాత్రం బిలియానాయే, తన కంప్యూటర్లో. ఈ ఏడాది ఏడో తరగతి అయిపోతుంది. జానపద సంగీత పాఠశాలలో చేరాలంటే ఇలాంటి పాట ఒకటి పంపాలట. పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతిలో పెట్టింది.

"విని చెప్పు నానమ్మా. అమ్మమ్మ సరేనంది. నువ్వూ సరేనంటేనే పంపుతాను. వచ్చే నెల పద్నాలుగు ఆఖరు తేదీ."

అమ్మమ్మ సరేనంది. అంటే పాట కూడా ఆమె ముందే విన్నది.


మార్చి 17, సోమవారం

విన్నాను.


మార్చి 18, మంగళవారం

నిన్న రాయడానికి మనసు రాలేదు. ఇవాళ క్రమంగా రాస్తాను.

వింటున్నది మా అబ్బాయి లుబెన్ వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లో. రెండేళ్ళ కిందట వాడి చేతిలోనే దాని మీద రేగుపండ్ల సారా ఒలికింది. అప్పటి నుంచి దానికి సొంత గొంతు లేదు, హెడ్‌ఫోన్లు పెడితేనే పలుకుతుంది. పెట్టాను. పలికింది.

మొదట చాలాసేపు ఖాళీ. గాలి హోరు, ఎక్కడో కుర్చీ కిర్రుమన్న చప్పుడు. పిల్లలకు ముందూ వెనకా కత్తిరించే ఓపిక ఉండదు. తర్వాత పాట మొదలైంది.

స్తానా. రెండు చెవుల్లోనూ స్తానా. తలంతా స్తానా. ఆమె వెనకాలే సన్నగా, తేటగా బిలియానా. అంతే.

మా పాటలో స్తానా పైన గొంతెత్తి పిలుస్తుంది. నేను కింద ఒకే స్వరం పట్టుకుని నిలబడతాను. అది లేకపోతే ఆ పాట పాట కాదు, వీధి చివర నుంచి వేసే కేక. ఆ స్వరం లేదు. చెవి నొక్కి పెట్టి వింటే చాలా దూరంగా, గోడ అవతల ఎవరో సణుగుతున్నట్టు వినిపించింది. ఆ సణుగుడు నాదే. నా గొంతును నేను గుర్తుపట్టనా?

ముగ్గురం పాడాం. మూడు మైకులు. ఇద్దరే మిగిలారు. నలభై ఏళ్ళు పాల కర్మాగారంలో లెక్కలు చూసినదాన్ని. సరుకు దానంతట అది మాయం కాదు. ఎవరో తీస్తేనే పోతుంది.


మార్చి 20, గురువారం

లుబెన్‌కు ఫోన్ చేశాను. హెడ్‌ఫోన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలని మాత్రమే అడిగాను. మిగతా సంగతి చెప్పలేదు. వాడి పెళ్ళాం స్తానా కూతురు. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి బస్సు కూడా అక్కర్లేదు.

"పిన్ను లోపలిదాకా తోశావా అమ్మా?"

తోశానన్నాను.

"గట్టిగా తోశావా?"

నీ ఫీజులు కట్టిన చేత్తో తోశానన్నాను. వాడు నవ్వి, వేరే దేనికైనా పెట్టి చూడమన్నాడు. అక్కడ వినిపిస్తే హెడ్‌ఫోన్లు మంచివి, వినిపించకపోతే చెడ్డవి.

వంటింటి రేడియోకు పెట్టాను. వార్తల వేళ. ఒక్క ముక్క వినిపించలేదు. పిన్ను తీస్తే రేడియో మామూలుగా మాట్లాడుతోంది, పెడితే నోరు మూసుకుంటోంది. తిప్పి చూశాను, తుడిచి పెట్టాను, ఊది పెట్టాను. లాభం లేదు.

కాబట్టి తేలింది ఇది. ఈ హెడ్‌ఫోన్లు రేడియోతో పనిచేయవు, ల్యాప్‌టాప్‌తో పనిచేస్తాయి. పనిచేసే చోట విన్నది నిజం.

తెల్లవాటితో అన్నీ పనిచేస్తాయి కాబోలు.


మార్చి 24, సోమవారం

స్తానా పక్కన ముప్ఫై ఏళ్ళు పాడాను. ముప్ఫై ఏళ్ళూ ఆమె పిలిచింది, నేను వంత పట్టాను. జిల్లా పండగలో తీసిన ఫొటో హాల్లో గోడకు ఉంది. స్తానా ముందు, చేతులు చాచి. ఆమె తలలో పెట్టుకున్న పూలగుత్తి వెనక నేను. నా ముఖంలో ఒక కన్ను, సగం ముక్కు కనిపిస్తాయి. ఫొటో తీసినవాడు మళ్ళీ తీస్తానన్నాడు. "ఇదే బాగుంది, అందరం పడ్డాం" అంది స్తానా.

నాకు అవేమీ పట్టవు. ఫొటో తుడిచేది నేనే, కాబట్టి కనిపిస్తుంది.

ఒక్క విషయంలో ఆమె నాకు సాటి రాలేదు. నా పేరు నెవెనా, అది పువ్వు పేరు. బిలియానా మొక్క పేరు. పువ్వుల, మొక్కల పేర్లున్నవాళ్ళకు ఈస్టరుకు ముందొచ్చే పూల ఆదివారం పేరు పండగ. నా పేరు పండగ, నా మనవరాలి పేరు పండగ, ఒకే రోజు, ఒకే బల్ల మీద. స్తానా అనేది ఏ పువ్వు పేరూ కాదు. ఆ రోజు ఆమె అతిథి మాత్రమే.


మార్చి 25, మంగళవారం

శుభవార్త పండగ. ఉపవాస దినాలే అయినా ఇవాళ చేప తినొచ్చు. వేయించాను. ఆ వాసనకో ఏమో స్తానా వచ్చింది, తెల్ల హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, పశువుల డాక్టరులా.

ఆమె కష్టం వేరు. ఒకరోజు పక్కింటాయన వుతో ఇంట్లో సినిమా చూడడానికి వెళ్ళి, ఆ హెడ్‌ఫోన్లను అతని టీవీకి కలిపించుకుందట. ఇప్పుడు అతను టీవీ పెట్టినప్పుడల్లా అవి ఆమె ఫోన్‌ను వదిలేసి గోడ దాటి అతని టీవీని పట్టుకుంటున్నాయి. పొద్దున ప్రార్థన వింటూ కొవ్వొత్తి వెలిగించిందట. సరిగ్గా ఆ వేళకు ఎవడో గోలు కొట్టాడట.

"దండం పెట్టుకుంటున్నదాన్ని, ఎగిరి పడ్డాననుకో. చదువుకున్నదానివి, నువ్వు చూడు వదినా. ఇవి నాకంటే ఆ వుతోగారినే ఎక్కువ ఇష్టపడుతున్నాయి."

నవ్వు రాబోయింది. రానివ్వలేదు. పాత జతను ఫోన్లోంచే తెంచవచ్చని లుబెన్ ఒకసారి చెప్పాడు. ఆమె ఫోన్ తీసుకుని, హెడ్‌ఫోన్లకు కలిసినవాటి జాబితాలో వుతో టీవీని చెరిపేశాను. పని అయింది. ఆమె చేప ముక్క నోట్లో వేసుకుని, ముల్లు తీస్తూ అంది:

"పాట విన్నావా? నీ గొంతు ఎంత బాగా పడిందో వదినా. నేలలోంచి వస్తున్నట్టుంది. నేను రోజూ వింటున్నాను."

ఆమె ముఖంలోకి చూశాను. నవ్వుతోంది. పిల్లలా, కళ్ళు కూడా నవ్వుతూ. ఎంత నేర్పు! నా గొంతు తీసేయించి, నా బల్ల దగ్గర కూర్చుని, నా చేప తింటూ, నా గొంతు బాగుందంటుంది.

"ఇంకో ముక్క వేసుకో" అన్నాను.

వేసుకుంది.


మార్చి 29, శనివారం

బిలియానా వచ్చింది. బస్సు వచ్చిన చాలాసేపటికి. పెదవుల మీద జామ్ ఉంది. ఆ జామ్ నా ఇంటిది కాదు.

విన్నావా అని అడిగింది. తీరిక దొరకలేదన్నాను. పిల్లతో అబద్ధం ఆడడం నాకు అలవాటు లేదు. నిజంగానే తీరిక లేదు, విత్తనాల పని ఉంది.

లాజరు శనివారం ఆడపిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాడతారు కదా, ఈసారి వాళ్ళకు ముందు నడిచేది తనేనట. మొదటిసారి. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"నీ వెండి బిళ్ళలు ఇస్తావా నానమ్మా, నడుము పట్టీకి?"

మా అమ్మ పెట్టుకున్నవి, నేను పెట్టుకున్నవి. మా ఇంట్లో ఆడపిల్ల ముందు నడిస్తే అవే పెట్టుకుని నడిచింది. చూద్దాం అన్నాను.

గిన్నెలు తుడుస్తూ అదే పాట కూనిరాగం తీసింది. చివరి మాటను స్తానాలాగే పైకి విసిరింది. అచ్చం ఆమెలాగే, గడ్డం ఎత్తి. నా నుంచి ఏం తీసుకుందో అని చాలాసేపు చూశాను. తుడిచిన గిన్నెలను పెద్దది కింద, చిన్నది పైన వరుసగా బోర్లించింది. అదొక్కటే.


ఏప్రిల్ 2, బుధవారం

మళ్ళీ విన్నాను. ఎన్నోసారో రాయను.

ఇవాళ ఒకటి దొరికింది. మూడో చరణంలో, పాటలోని అమ్మాయి వాగు గట్టున విల్లో కొమ్మ విరిచే చోట, స్తానా గొంతు తెగింది. ఊపిరి అందలేదు. ఎప్పుడూ ఒక్క ఊపిరిలో దాటేది ఆ చోటును. ఊళ్ళో అందరూ దాని గురించే చెప్పుకునేవారు. ఇప్పుడు అక్కడ గొయ్యి. ఆ గోతిలో బిలియానా గొంతు ఒంటరిగా తడబడి, మళ్ళీ నిలదొక్కుకుంది.

అంటే రాణిగారికీ వయసైంది.

దీంట్లో సంతోషించడానికి ఏమీ లేదు. అదే చోటు ఇంకోసారి విన్నాను.


ఏప్రిల్ 5, శనివారం

పిల్ల రాలేదు. పరీక్షలట. స్తానా వచ్చి చెప్పింది. నాకు కాదు, ఆమెకు ఫోన్ చేసింది.


ఏప్రిల్ 8, మంగళవారం

వెండి బిళ్ళలు సుద్దతో తోమాను. ఇవ్వడానికి కాదు. నల్లబడ్డాయి, అందుకు.


ఏప్రిల్ 11, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం బస్సుకు వచ్చింది. ఈసారి ముందు నా దగ్గరికే వచ్చింది. సంచీ కూడా భుజాన్నే ఉంది. రేపటి పాటలు ఇంకోసారి చూసుకోవాలని మిగతా పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నిలబడే అడిగింది.

"నానమ్మా, సోమవారమే ఆఖరు. పంపనా?"

"పంపొద్దు."

నవ్వబోయింది. నేను నవ్వడం లేదని చూసి ఆగింది.

"ఎందుకు?"

"ముగ్గురు పాడినదానికి ఇద్దరు చాలని మీరే అనుకున్నాక, మూడోదాని అనుమతి దేనికి?"

"ఏ ఇద్దరు? నానమ్మా, నువ్వసలు విన్నావా?"

"నాకు చెవులున్నాయి."

అర్థం కానట్టు నిలబడింది. ఆ నటన ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలుసు అనుకున్నాను. ఇంకొక మాట చెబితే విడమరిచి చెప్పినట్టవుతుంది. విడమరిచి చెబితే అడుక్కున్నట్టవుతుంది. నన్ను మీ పాటలో ఉంచండమ్మా అని ఈ వయసులో నేను అడుక్కోను.

"ఇది పంపకపోతే నాకు వేరే పాట లేదు నానమ్మా. ఈ ఏడు పోతే ఆ బడి లేదు." సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. తర్వాత చాలా మెల్లగా, "మరి బిళ్ళలు?" అంది.

"మీ అమ్మమ్మకీ ఉన్నాయిగా."

వెళ్ళిపోయింది. గేటు చప్పుడు కాకుండా వేసింది. నేనే నేర్పాను, తలుపు విసరకూడదని.

బిళ్ళలు బల్ల మీద ఉన్నాయి. పొద్దున్నే తీసి పెట్టాను, ఎందుకో.


ఏప్రిల్ 12, లాజరు శనివారం

గేటుకు గడియ పెట్టాను పొద్దున్నే. గడియ పెట్టిన ఇంటి ముందు పిల్లలు ఆగరు.

రేపు పేరు పండగ. పేరు పండగకు ఎవరినీ పిలవరు, వచ్చేవాళ్ళు వస్తారు. ఎవరొచ్చినా రాకపోయినా రొట్టె ఉండాలి. పిండి తడిపాను. చేతులు పిండిలో ఉండగా, పాట ఆఖరుసారి వినాలనిపించింది. రేపు ఎవరైనా అడిగితే ఏ చరణంలో ఏం తీసేశారో చెప్పగలగాలి కదా. ల్యాప్‌టాప్ బల్ల చివర పెట్టి మొదలుపెట్టాను.

తీగ వేలాడి, ఆ చిక్కుడు గింజ డబ్బీ వచ్చి పిండిలో పడింది. తీశాను, మళ్ళీ పడింది. దండెం మీద నుంచి బట్టల క్లిప్పు ఒకటి లాగి, డబ్బీని ఏప్రన్ పట్టీకి బిగించాను.

స్తానా నా తలలోంచి బయటికి వెళ్ళిపోయింది.

హెడ్‌ఫోన్లు పాడయ్యాయనుకున్నాను. కాదు. స్తానా ఎడమ చెవి వైపుకు జరిగింది. బిలియానా కుడి చెవి వైపుకు జరిగింది. మధ్యలో చోటు ఏర్పడింది. ఆ చోట్లో ఒక స్వరం నిలబడి ఉంది. లావుగా, కదలకుండా, పునాది రాయిలా. అది ఎవరిదా అని ఒక్క క్షణం విన్నాను. నాదే. పిండి చేతులతోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

క్లిప్పు తీశాను. పోయాను. పెట్టాను. వచ్చాను. క్లిప్పు కొరుకుతున్నది బొత్తాన్ని. క్లిప్పు లేకుండా బొటనవేలితో నొక్కి పట్టాను. వచ్చాను. వేలు వదిలితే పోయాను. ఒకసారి జరిగితే లెక్కలోకి రాదు కాబట్టి చాలాసార్లు చేశాను. వెళ్ళి రేడియోకు పెట్టి బొత్తాం నొక్కాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న రేడియోలోంచి పాదిరి ఎలుగెత్తి మాట్లాడాడు.

కాబట్టి సవరించి రాస్తున్నాను. ఈ హెడ్‌ఫోన్లకూ నా పాత వస్తువులకూ పడదు. పడనప్పుడు పక్కలవి మిగులుతాయి, నట్టనడుమ ఉన్నది పోతుంది. ఎందుకన్నది నాకు తెలియదు. బొత్తాం నొక్కి పట్టుకుంటే పడుతుంది. పనిచేయడం అంటే చప్పుడు రావడమేనని అనుకున్నాను. అక్కడ తప్పింది లెక్క.

మొదటికి తిప్పాను. ఖాళీ అనుకున్న ఆ మొదటి భాగం ఖాళీ కాదు. అదీ నడుమే ఉంది. బిలియానా మాట్లాడుతోంది, కాగితం చూసి చదువుతున్నట్టు, కొంచెం తొందరగా:

"నా పేరు బిలియానా. మీకు ఎడమ వైపు వినిపించేది మా అమ్మమ్మ స్తానా, పాటను పిలుస్తుంది. కుడి వైపు నేను. ఇంకా నేర్చుకుంటున్నాను. మధ్యలో మా నానమ్మ నెవెనా. మధ్యలో ఎందుకు పెట్టానంటే, మేమిద్దరం పైకీ కిందికీ పోతాం, ఆవిడ పోదు. దారి తప్పినప్పుడు నేను ఆవిడ గొంతు వింటాను. ఇంట్లో కూడా అంతే."

ఇంట్లో కూడా అంతే అన్నాక కుర్చీ కిర్రుమంది.

మూడో చరణం వచ్చింది. వాగు గట్టు. స్తానా ఊపిరి తెగే చోటు. నేను ఇన్ని రోజులూ గొయ్యి అనుకున్న చోట గొయ్యి లేదు. ఆమె గొంతు ఆగబోయే ముందే నా గొంతు లావెక్కింది, పైకి లేచింది, ఆ చోటంతా నిండింది. ఆమె తిరిగి అందుకున్నాక మళ్ళీ తగ్గి తన చోట కూర్చుంది. వినేవాడికి ఎక్కడా అతుకు తెలియదు. బిలియానా తడబడలేదు. తడబడినట్టు నాకు వినిపించింది, ఎందుకంటే ఆమె ఆనుకున్నది నాకు వినిపించలేదు.

అలా చేశానని నాకు తెలియదు. చేయాలని అనుకోనూ లేదు. ఆ వేళ హాల్లో స్తానా కాళ్ళకున్న కొత్త జోళ్ళ గురించే ఆలోచిస్తున్నానని బాగా గుర్తు.

అప్పుడే వీధి కింది నుంచి పాట వినిపించింది. హెడ్‌ఫోన్లు తీశాను. పాట ఆగలేదు. పిల్లలు వస్తున్నారు.

పిండి చేతులతోనే వెళ్ళి గడియ తీశాను. తుప్పు పట్టి కదలలేదు, కాలితో తన్నాను. గేటు తెరిచేసరికి వాళ్ళు అప్పటికే దాటిపోతున్నారు, మా ఇంటివైపు చూడకుండా. తల నిండా పూలు. ముందు బిలియానా. నడుముకు స్తానా బిళ్ళలు.

"ఈ ఇంట్లో ఆడమనిషి లేదా? పాడకుండా పోతున్నారేం?" అన్నాను.

ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిలియానా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వరుస కట్టి పాడారు. ఇంటి ఇల్లాలికి పాడే పాట, పొయ్యి చల్లారకూడదని. గుడ్లు తెచ్చాను. తలా ఒకటి ఇవ్వాలి, తలా రెండు ఇచ్చాను. బిలియానా బుట్టలో పెట్టేటప్పుడు ఆగాను. స్తానా బిళ్ళలు ఆమె నడుము మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. కొక్కెం పైది కిందా, కిందది పైనా పెట్టారు. స్తానా ఏనాడూ ఏదీ సూటిగా బిగించలేదు.

"ఇటు రా. ఊరంతా ఇలా వంకరగానే తిరుగుతావా?"

విప్పి, సరిగ్గా బిగించాను. పిండి అంటింది వెండికి, ఏప్రన్‌తో తుడిచాను. నావి లోపల బల్ల మీద ఉన్నాయి. మార్చలేదు. దారి మధ్యలో బిళ్ళలు మార్చకూడదంటారు. అది కాకపోయినా మార్చేదాన్ని కాదు.

"పంపించు" అన్నాను.

"విన్నావా?"

"మొత్తం ఇవాళే విన్నాను."

ఏదో అడగబోయింది. వెనక పిల్లలు తోస్తున్నారు. వెళ్ళమన్నాను. రెండిళ్ళ అవతల మళ్ళీ గొంతెత్తింది. చివరి మాటను పైకి విసిరింది. దానికి ముందు మాత్రం కింద ఒక క్షణం నిలబడింది. గమనించాను.


ఏప్రిల్ 13, పూల ఆదివారం

చర్చి నుంచి విల్లో కొమ్మలు తెచ్చి గుమ్మానికి కట్టాను. చేప, రొట్టె, ఊరబెట్టిన మిరపకాయలు. అందరూ వచ్చారు. లుబెన్ వచ్చాడు, కోడలు వచ్చింది, వుతో కూడా వచ్చాడు, తన టీవీని స్తానా ఎందుకు వదిలేసిందని బాధపడుతూ. బిలియానా, నేను పక్కపక్కన కూర్చుని శుభాకాంక్షలు అందుకున్నాం.

బట్టల క్లిప్పు చూసి బిలియానా చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అంటే ఇన్ని రోజులూ నీకు నువ్వు వినిపించలేదా?" అంది. ఏడ్చింది కొంచెం. అవి తన సొంతవట. కొత్త తెల్లవాటికి రోజూ కరెంటు ఎక్కించాలి కాబట్టి నాకు విసుగని, తను బాగా ఇష్టపడి వాడుకునేవి ఇచ్చిందట. పిన్నుకూ కన్నానికీ మధ్యలో పెట్టే చిన్న ముక్క ఏదో దొరుకుతుందని, తెస్తానని అంది. వద్దన్నాను. క్లిప్పు చాలు.

నా కళ్ళ ముందే పంపింది పాటను, ఈ ల్యాప్‌టాప్ నుంచే. వెళ్ళిందని తెర మీద పడేదాకా కదలకుండా చూశాను.

స్తానా అందరికంటే ఆలస్యంగా వచ్చింది, చేతినిండా హయసింత్ పూలతో. ఆ కొత్త జోళ్ళే. పేరు పండగ అని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, పెద్ద ముక్క చేప ఎక్కడుందో చూసి అక్కడే కూర్చుంది. నిన్న బిళ్ళలు నువ్వే సరిచేశావట కదా అంది. ఔనన్నాను. తిననిచ్చాను. పళ్ళాలు తీసేటప్పుడు వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. చెప్పకూడదనే అనుకున్నాను పొద్దుటి నుంచీ. ఆగలేకపోయాను.

"మూడో చరణంలో ఊపిరి తీశావు."

ఆమె గిన్నె తుడవడం ఆపలేదు.

"తీశాను. ఎప్పుడూ అక్కడే తీస్తాను."

"ఎప్పుడూ ఒక్క ఊపిరిలో దాటేదానివి."

"నేనెప్పుడు దాటాను వదినా? జిల్లా పండగనాడు కూడా తీశాను, అంతకుముందూ తీశాను. నువ్వు పట్టుకుంటావుగా. నువ్వు పక్కన ఉంటేనే నాకు ఆ పాట వస్తుంది. ఒకసారి నీకు జ్వరమొచ్చి రాలేదు, గుర్తుందా, ఆ రోజు ఆ చరణమే పాడలేదు నేను." గిన్నె నా చేతికిచ్చింది. "నీకు తెలుసనుకున్నానే!"

తెలుసన్నాను.

అందరూ వెళ్ళాక కూర్చుని రాస్తున్నాను. ఫొటోలో నా మీద పడిన పూలగుత్తి గురించి ఇకమీదట రాయను. మిగతాది మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. నా గొంతు ఏం చేస్తుందో నాకు నిన్న తెలిసింది. స్తానాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఇది కూడా ఆమే ముందు విన్నది.